పాసు చేతికొచ్చింది, బస్సు ఊరికి రావాలి

2021లో రంగారెడ్డి జిల్లాలోని ఒక పల్లె నుంచి బడికి వెళ్లే అమ్మాయి ఒకతె నాటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణకు ఉత్తరం రాసింది. కరోనా రోజుల్లో ఆగిన తమ ఊరి బస్సు బడులు తెరిచాక కూడా రావడం లేదని, రోజూ ఆటోకు పెట్టుకునే స్తోమత తమకు లేదని దాని సారాంశం. ఆయన ఆ సంగతి ఆర్టీసీకి తెలియజేశారు. ఆ ఊరికి బస్సు మళ్లీ మొదలైంది. పల్లెకు బస్సు రావాలంటే కబురు ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చిందన్న బాధను కాసేపు పక్కన పెడదాం. ఆ పిల్ల అడిగిందేమిటి? బడి వేళకు బస్సు.

మన దగ్గర బస్సు మీద జరిగే చర్చ దాదాపు అంతా ఛార్జీ చుట్టూనే తిరుగుతుంది. ఎంత పెంచారు, ఎవరికి ఉచితం, ఎవరికి రాయితీ, ఎవరి మీద భారం. ఇవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటికి ముందు అడగాల్సినది ఒకటి ఉంది: బస్సు వస్తుందా, ఎన్ని గంటలకు వస్తుంది, ఎక్కడానికి అందులో చోటుంటుందా? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. ఛార్జీల్లో ఇంతకన్నా పెద్ద మార్పు మన ఆర్టీసీల చరిత్రలో లేదు. అందుకే ఛార్జీలు, పాసులు, రాయితీలు, బస్సులు అన్నింటినీ ఒకచోట పెట్టి చూడాల్సిన సమయం ఇది.

కథ 1932 జూన్‌లో మొదలవుతుంది. నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. రైలూ బస్సూ ఒకదానితో ఒకటి పోటీ పడకుండా ఒకే సంస్థ చేతిలో ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లో చాలా ముందుచూపుతో చేసినది. రైలు దిగినవాడికి బస్సు సిద్ధంగా ఉండాలన్న ఆ సూత్రాన్ని తొంభై ఏళ్ల తర్వాత కూడా మనం హైదరాబాద్ మెట్రో స్టేషన్ల దగ్గర పూర్తిగా సాధించలేకపోతున్నాం. 1951 నవంబరు 1న ఆ విభాగం హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. ఆ తర్వాత పల్లెల్లోకి బస్సు వెళ్లిన తీరు మన సామాజిక చరిత్రలో ఒక అధ్యాయం. ఊళ్లోకి తారురోడ్డు కంటే ముందే మట్టిరోడ్డు మీద బస్సు వచ్చిన చోట్లున్నాయి. పట్నం తీరు తెలియనివాణ్ని చిన్నచూపు చూస్తూ 'ఎర్రబస్సెక్కి వచ్చాడు' అనే మాట మన భాషలో స్థిరపడిపోయింది. ఆ మాట అన్నవాళ్ల తాతలు కూడా ఆ బస్సులోనే వచ్చారు. చదువుకీ, ఆసుపత్రికీ, కచేరీకీ పల్లెను తీసుకొచ్చింది ఆ బస్సే.

ఇప్పటి రెండు ఆర్టీసీలకూ పునాది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. ఆ చట్టంలో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇవాళ్టి గొడవంతా అందులోనే కనిపిస్తుంది. 18వ సెక్షను ప్రకారం సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సమన్వయంతో రవాణా సదుపాయం కల్పించడం సంస్థ విధి. 22వ సెక్షను ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి. ఇరవై మంది మాత్రమే ఎక్కే ఊరికి పొద్దున్నే బస్సు పంపడం 18వ సెక్షను చెప్పే పని. ఆ బస్సు డీజిలు ఖర్చుకు కూడా సంపాదించడం లేదు కాబట్టి ఆపెయ్యమనేది 22వ సెక్షను. డిపో మేనేజరు బల్ల మీద రోజూ ఈ రెండూ తగవులాడుతుంటాయి. కిలోమీటరుకు వచ్చిన రాబడి, కిలోమీటరుకు అయిన ఖర్చు, సీట్లు నిండిన శాతం అనే లెక్కలు 22వ సెక్షను వైపు వాదిస్తాయి. 18వ సెక్షను వైపు వాదించేందుకు ఏ కాగితమూ డిపోకు రాదు. బస్సు ఆగిన ఊళ్లో ఎంతమంది పిల్లలు బడి మానేశారు, ఎంతమంది గర్భిణులు నెలవారీ పరీక్షకు వెళ్లలేకపోయారు అన్నది ఏ వేబిల్లులోనూ నమోదు కాదు.

రాయితీ మనకు కొత్తదేమీ కాదు. జూన్ వస్తే బస్టాండులో పాసుల కౌంటరు ముందు పిల్లల వరస, చేతిలో హెడ్మాస్టరు సంతకం పెట్టిన బోనఫైడ్ కాగితం, దానికి అంటించిన ఫొటో: రెండు మూడు తరాల తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యం. ఇప్పుడు దరఖాస్తు ఫోన్లో పెట్టుకుంటున్నారు గానీ పాసు మీది మమకారం అదే. పదో తరగతి వరకు పల్లె ఆడపిల్లలకు ఉచిత పాసు చాలా ఏళ్ల నుంచి ఉంది. దివ్యాంగులకు, స్వాతంత్ర్య సమరయోధులకు, పాత్రికేయులకు రాయితీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు దాటినవారికి టికెట్‌లో నాలుగో వంతు తగ్గిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో క్యాట్ కార్డు, వనితా కార్డు జేబులో ఉంటే టికెట్ మీద 10 శాతం తగ్గింపు దొరికేది. వీటిలో విద్యార్థి పాసుకు సాటిరాగలది నా దృష్టిలో మరొకటి లేదు. మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలలు, జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కళాశాలలు నిండింది ఆ పాసు వల్లే.

ఇన్ని రాయితీలకూ ఒకటే పాత జబ్బు. ప్రకటించేది ప్రభుత్వం, ముందుగా భరించేది సంస్థ, తిరిగి చెల్లింపు ఎప్పుడో. నెలనెలా రావాల్సిన సొమ్ము బకాయిగా పేరుకుంటే సంస్థ అప్పు చేస్తుంది, కొత్త బస్సులు కొనడం వాయిదా వేస్తుంది, కార్మికుల పరపతి సంఘం సొమ్ము వాడుకుంటుంది. చివరికి నష్టాల సంస్థ అన్న ముద్ర ఆర్టీసీ నుదుటిన పడుతుంది. ప్రభుత్వం తరఫున చేసిన సేవకు అందని సొమ్మును నష్టం అనడం న్యాయం కాదు.

ఇప్పుడు ఉచిత ప్రయాణం దగ్గరకు వద్దాం. దేశంలో ఈ దారిలో మొదట నడిచింది ఢిల్లీ. 2019 అక్టోబరు 29న అక్కడ గులాబీ టికెట్లు వచ్చాయి. 2021లో పంజాబ్, తమిళనాడు, 2023 జూన్ 11న కర్ణాటక అదే బాట పట్టాయి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్రం లోపల ఎంత దూరమైనా జీరో టికెట్ మీద వెళ్లవచ్చు. 2025 జులైలో 200 కోట్ల ప్రయాణాలు పూర్తయ్యాయని ప్రభుత్వం బస్టాండ్లలో పండుగ చేసింది. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలు. అంటే ఒక్కో ప్రయాణానికి సగటున 33 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న ప్రారంభమైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులు, అంటే సంస్థ బస్సుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు, ఈ పథకం కిందికి వచ్చాయి. ఏడాదికి 1,942 కోట్లు ఖర్చవుతుందని అంచనా వేశారు.

ఆ 33 రూపాయలను తేలిగ్గా తీసుకోకండి. రోజూ పనికి వెళ్లి వచ్చే ఇల్లాలికి రెండు వైపులా కలిపితే అది నెలకు పదిహేను వందలు దాటుతుంది. పాచిపనికో, బట్టల దుకాణంలో కొలువుకో వెళ్లే మనిషి జీతంలో అది ఎంత భాగమో లెక్క వేయండి. తమిళనాడు ప్రణాళికా సంఘం తమ రాష్ట్రంలో చేయించిన అధ్యయనంలో మహిళలకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని తేలింది. డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో ఆడమనిషి ఎక్కడికి వెళ్లాలన్నా ముందు డబ్బులు అడగాలి, డబ్బులు అడిగితే ఎందుకని అడుగుతారు. పుట్టింటికి, గుడికి, ఆసుపత్రికి, చదువుకునే కూతురి దగ్గరకు వెళ్లడానికి ఆ అడగడం తప్పిపోయింది. 'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు' అన్న మాట రచ్చబండల మీద, టీవీల్లో చాలాసార్లు విన్నాను. ఆ మాటను నేను అంగీకరించను. మగవాడు టీ తాగడానికి పక్క ఊరి సెంటరుకు వెళ్తే అది తిరగడం కాదు గానీ, ఆడమనిషి చెల్లెల్ని చూడటానికి బస్సెక్కితే తిరగడమా?

అయితే ఈ పథకం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. అది మహిళలకు ఉచితం ఇచ్చినందుకు కాదు, ఆ సొమ్మును సంస్థకు కట్టే పద్ధతి మీద. ప్రభుత్వం సంస్థకు చెల్లించేది జారీ అయిన జీరో టికెట్ల విలువను బట్టి. ఈ లెక్కలో ఒక బస్సులో 100 మందిని కుక్కితే సంస్థకు లాభం. అదే 100 మందికి రెండు బస్సులు నడిపితే నష్టం, ఎందుకంటే వచ్చే సొమ్ము అంతే, డీజిలు, డ్రైవరు, కండక్టరు ఖర్చు రెండింతలు. పథకానికి ముందు తెలంగాణలో 70 శాతం లోపు ఉన్న సీట్ల భర్తీ తర్వాత 90 శాతం దాటింది. అధికారులు ఆ అంకెను గర్వంగా చెప్పారు. మెట్ల మీద వేలాడుతూ వెళ్లే పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ అంకెకు అర్థం వేరు. సగటున 90 నిండిందంటే మధ్యాహ్నం ఖాళీగా వెళ్లిన బస్సులను కలుపుకుని అంత నిండిందన్నమాట. అప్పుడు పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి ఎంత నిండి ఉండాలి?

ఇంకో చిక్కుముడి ఉంది. టికెట్లను బట్టి సొమ్ము వచ్చేటప్పుడు బస్సు జనం ఎక్కువున్న రోడ్డు మీదికే వెళ్తుంది. అసలు బస్సే లేని ఊరికి ఉచిత ప్రయాణం వల్ల ఒక్క రూపాయి లాభం లేదు. జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరి మహిళకు అరగంటకో బస్సు, అదీ ఉచితం. లోపలికి పది కిలోమీటర్లలో ఉన్న తండా మహిళ ఆటోకు ముప్పై నలభై పెట్టి ఆ రోడ్డెక్కాలి. ఉచితమన్నది ఆ తండా గడపదాకా వెళ్లనే లేదు. విద్యార్థి పాసుదీ ఇదే కథ. జిల్లాల్లో ఆ పాసు ప్రధానంగా చెల్లేది పల్లెవెలుగులో. ఆ దారిలో పల్లెవెలుగు తగ్గి ఎక్స్‌ప్రెస్‌లు పెరిగితే పాసు సంచిలోనే ఉంటుంది, పిల్ల రోడ్డు మీదే ఉంటుంది.

రద్దీ అంతా ఉచితం వల్లే వచ్చిందనేవాళ్లకు ఒక పేరు గుర్తు చేయాలి: కొండగట్టు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలో ఘాట్ రోడ్డు దిగుతూ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. యాభై మంది పట్టే ఆ బస్సులో కిక్కిరిసింది వంద మందికి పైనే. అప్పటికి మహిళలకు ఉచిత ప్రయాణం అన్న మాటే లేదు. ఆ రోజు బస్సు నిండింది ఆ దారిలో బస్సులు చాలక. దేశ ఆర్టీసీల చరిత్రలో అంత ఘోరమైన ప్రమాదాలు బహు తక్కువ. ఆ దారిలోని ఊళ్లలో కొన్ని ఇళ్లలో ఇద్దరు ముగ్గురు పోయారు. బస్సులో చోటన్నది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నగరానికి వస్తే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. 2025 జూన్‌లో హైదరాబాద్ నెలవారీ పాసుల ధరలు పెరిగాయి. ఆర్డినరీ పాసు 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,300 నుంచి 1,600కు, మెట్రో డీలక్స్ 1,450 నుంచి 1,800కు చేరాయి. విద్యార్థుల పాసులనూ పెంచారు. నాలుగు నెలలు తిరక్కుండానే అక్టోబరు 6 నుంచి టికెట్ ఛార్జీలు కూడా పెరిగాయి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు. నగరానికి రానున్న విద్యుత్ బస్సుల కోసం డిపోలు, చార్జింగ్ కేంద్రాలు కట్టాలని, ఆ ఖర్చు కోసమే ఈ పెంపని సంస్థ చెప్పింది. ఈ వాదన నాకు మింగుడుపడలేదు. ఫ్లైఓవరు కట్టేటప్పుడు కారున్నవాడి దగ్గర టికెట్ వసూలు చేయం. అది ఖజానా పెట్టే పెట్టుబడి. బస్సు డిపో కట్టాలంటే మాత్రం దినకూలీ జేబులోంచి పది రూపాయలు తీయాలా? రోజువారీ నడిపే ఖర్చులో కొంత ప్రయాణికుడు ఇవ్వడం సబబే. ముప్పై ఏళ్లు నిలిచే కట్టడాల ఖర్చు అతని నెత్తిన వేయడం సబబు కాదు.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. హైదరాబాద్‌లో 2025 నాటి పెట్రోలు ధర లీటరుకు 107 రూపాయల చొప్పున 1,400 రూపాయలకు 13 లీటర్లు వస్తుంది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండి మీద అది 585 కిలోమీటర్లు. నెలకు 26 రోజులు పనికి వెళ్లేవాడికి రోజుకు 22 కిలోమీటర్లు. రానూపోనూ అంతకంటే తక్కువ దూరం వెళ్లేవాడికి పాసు కంటే పెట్రోలే చౌక అన్నమాట! బండి కొన్న అప్పు, మరమ్మతు, ప్రమాద భయం లెక్కలో వేసుకుంటే బస్సే నయమని నేను చెప్పగలను. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడు ఆ లెక్కలన్నీ వేయడు, మొదటి జీతంతో వాయిదాల మీద బండి తీస్తాడు. బండి తీసినవాడు మళ్లీ బస్సు పాసు కౌంటరు దగ్గరకు రాడు. రోడ్డు మీద ఇంకో బండి పెరుగుతుంది, ఆ రద్దీలో బస్సు ఇంకాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం ఇంకొకడిని బండి కొనిపిస్తుంది. పాసు ధర పెంచేవాళ్లు చూడాల్సింది ఈ నెల రాబడిని కాదు, ఈ గొలుసును.

హైదరాబాద్‌లో ఇప్పటికే బస్సులు తక్కువ. 2019 సమ్మె తర్వాత నగరంలో వందలాది బస్సులను తగ్గించారు. కోటి జనాభాకు సుమారు మూడు వేల బస్సులు. బెంగళూరులో అవి ఆరు వేలకు పైన. మెట్రో రైలు మూడు కారిడార్లలో ఉంది కాబట్టి సరిపోతుందనుకోవద్దు. మెట్రో దిగాక ఇంటికి చేర్చేది ఏది? మెట్రో ఛార్జీలూ 2025 మేలోనే పెరిగాయి.

ఛార్జీలు అసలు పెంచవద్దని నేను అనను. ఎక్కువ కాలం పెంచకుండా ఉంచి, ఎన్నికలు అయ్యాక ఒక్కసారిగా మోత మోగించడం మన అలవాటు. తెలంగాణలో 52 రోజుల సమ్మె ముగిసిన వెంటనే 2019 డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసలు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే నెలలో పెంచారు. 2022 ఏప్రిల్‌లో డీజిలు సెస్ పేరుతో రెండు రాష్ట్రాల్లోనూ టికెట్‌కు 2 రూపాయలు, 5 రూపాయలు కలిపారు. సెస్ అన్నది దొడ్డిదారి. కిలోమీటరు చొప్పున కాకుండా టికెట్ చొప్పున వేయడం వల్ల రెండు స్టేజీల దూరం వెళ్లేవాడిపై ఎక్కువ, యాభై కిలోమీటర్లు వెళ్లేవాడిపై తక్కువ పడింది. డీజిలు ధర, జీతాలు, టైర్ల ధర అన్నీ చూసి ఏటా ఒక తేదీన, బహిరంగంగా, రూపాయో రెండో సవరించే పద్ధతి ఉంటే ఇంత అలజడి ఉండదు. విద్యుత్ ఛార్జీల మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. బస్సు ఛార్జీల మీద అలాంటిది ఎందుకు లేదు?

ఉచితం ఇచ్చిన ఇతర రాష్ట్రాలనూ చూడండి. కర్ణాటకలో శక్తి అనే మహిళల ఉచిత ప్రయాణ పథకం వచ్చిన ఏడాదిన్నరకు, 2025 జనవరిలో, బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఢిల్లీలో ఒక్కో గులాబీ టికెట్‌కు ప్రభుత్వం 10 రూపాయలు కట్టింది. ఆడవాళ్లు మాత్రమే నిల్చున్న స్టాపులో బస్సు ఆపకుండా వెళ్లిపోతున్నారన్న ఫిర్యాదులు అక్కడ చాలా వచ్చాయి. మన రాష్ట్రాల్లోనూ ఆ ఫిర్యాదు లేకపోలేదు. బస్సు నిండిపోయాక డ్రైవరు ఆపలేడు. ఆపితే లోపలివాళ్లు తిడతారు, ఆపకపోతే బయటివాళ్లు తిడతారు. ఇద్దరి తిట్లూ అతనికే.

డ్రైవరు, కండక్టరు మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగాలి. నిండు బస్సులో టికెట్లు కొట్టే టిమ్ యంత్రం పట్టుకుని, స్టేజీ మారేలోగా ప్రతి మహిళ ఆధార్ చూసి, జీరో టికెట్ కొట్టి, మిగతావాళ్లకు చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం ఎంత కష్టమో ఒక్కరోజు కండక్టరు పక్కన నిలబడితే తెలుస్తుంది. టికెట్ ఇవ్వడం తప్పిపోతే తనిఖీలో దొరికేది అతనే. తెలంగాణ ఆర్టీసీలో చాలా ఏళ్లు కొత్త నియామకాలు లేవు. పదవీ విరమణలు ఆగలేదు. ఉన్నవాళ్లు డబుల్ డ్యూటీలు చేశారు. 2025లో 1,743 డ్రైవరు, శ్రామిక్ పోస్టులకు ప్రకటన రావడం మంచి కబురు. ఉద్యోగుల హోదా విషయంలో రెండు రాష్ట్రాల దారులు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, జీతం ఖజానా నుంచి వస్తుంది. తెలంగాణలో 43,373 మందిని ప్రభుత్వంలో విలీనం చేసే చట్టం 2023లో వచ్చినా, 2025 మే నెల సమ్మె పిలుపులో కూడా విలీనం అమలు ప్రధాన డిమాండ్లలో ఒకటిగానే ఉంది.

రేపటి బస్సు విద్యుత్తుతో నడుస్తుందన్నది దాదాపు ఖాయం. కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద దేశంలో 10,000 బస్సులు రావాలి. పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. పొగ తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది. కానీ ఈ బస్సులు ఆర్టీసీ సొంతం కావు. ప్రైవేటు కంపెనీ బస్సు తెచ్చి, డ్రైవరును పెట్టి నడుపుతుంది. సంస్థ కిలోమీటరుకు ఇంత అని కంపెనీకి కడుతుంది. దీన్ని గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు అంటారు. కార్మిక సంఘాలు తమ డిపోలు చేజారుతాయని భయపడుతున్నాయి. ఆ భయం నిరాధారం కాదు. డిపో స్థలాలు నగరం నడిబొడ్డున ఉన్న ప్రజల ఆస్తి, ఒకసారి పోతే మళ్లీ రావు. తెలంగాణలో 2025 మహిళా దినోత్సవం నాడు మహిళా సంఘాల బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకునే పథకం ప్రారంభమైంది. అద్దె బస్సు తప్పదనుకుంటే ఆ అద్దె పొదుపు సంఘాల ఇళ్లకు చేరడం నాకు ఎక్కువ ఇష్టం.

ఆ కాంట్రాక్టులో ఒక విషయం మాత్రం గమనించండి. కంపెనీకి సంస్థ కట్టేది ఎక్కిన మనుషులను బట్టి కాదు, నడిచిన కిలోమీటర్లను బట్టి. ఇదే న్యాయం ఆర్టీసీకి ప్రభుత్వం ఎందుకు చేయకూడదు? మహిళల ఉచిత ప్రయాణానికి, విద్యార్థి పాసులకు, మిగతా రాయితీలకు ఇచ్చే సొమ్మంతా కలిపి, ఫలానా జిల్లాలో ఇన్ని కిలోమీటర్లు, ఫలానా ఊరికి పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అని నిర్ణయించి, ఆ కిలోమీటర్లు నడిస్తే కట్టాలి. నడవకపోతే కోత పెట్టాలి. నెల మొదటి వారంలోనే కట్టాలి. అప్పుడు 100 మందికి రెండు బస్సులు నడపడం నష్టం కాదు. లోపలి తండాకు బస్సు పంపడం డిపో మేనేజరు మీద మచ్చ కాదు. చట్టంలోని ఆ రెండు సెక్షన్ల మధ్య తగవు తీరేది కూడా ఇలాగే: చాలినంత సేవ ఏమిటో ప్రభుత్వం కొనాలి, ఆ సేవను పొదుపుగా సంస్థ అమ్మాలి.

చిన్నప్పుడు మా ఊరికి రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి అక్కడే నిద్రచేసే బస్సు ఉండేది. నైట్ హాల్ట్ అనేవాళ్లం. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పడుకునేవారు. ఎవరింట్లో పండగైతే వాళ్లింటి నుంచి వాళ్లకు అన్నం వెళ్లేది. తెల్లవారుజామున ఇంజిను మొదలైన చప్పుడుకే ఊరు లేచేది. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, కళాశాల పిల్లలు అందరూ దానికే. రాత్రి ఎవరికైనా పురిటినొప్పులొస్తే ఆ డ్రైవరును లేపిన సందర్భాలు ఉన్నాయి. లెక్కలో చూస్తే అది నష్టాల సర్వీసు. అలాంటి సర్వీసులు రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. ఉచిత ప్రయాణానికి వేల కోట్లు పెట్టగలిగిన ప్రభుత్వాలకు మండలానికి రెండు మూడు నైట్ హాల్ట్ బస్సులు తిరిగి పెట్టడం పెద్ద ఖర్చు కాదు. 2023లో తెలంగాణ ఆర్టీసీ సిబ్బంది నుంచే ఊరూరికీ విలేజ్ బస్ ఆఫీసర్లను నియమించి, ఊరి అవసరాలు తెలుసుకోమని చెప్పింది. ఆలోచన చక్కనిది. ఊరు చెప్పినదాన్ని అమలు చేసేందుకు బస్సు కూడా ఇస్తేనే ఆ అధికారికి ఊళ్లో విలువ ఉంటుంది.

ఆటోవాళ్లను మరచిపోకూడదు. ఉచిత ప్రయాణం మొదలయ్యాక రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ల రాబడి పడిపోయింది. ఆందోళనలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరు 4న దాదాపు 2.90 లక్షల మంది డ్రైవర్లకు తలా 15,000 రూపాయలు ఇచ్చింది. కష్టంలో ఉన్నవాడికి అది ఆసరాయే. ఏటా చేతికి డబ్బు ఇవ్వడంతో పాటు, బస్సు వెళ్లలేని లోపలి ఊళ్లకు ఆటోను ఆర్టీసీయే కిలోమీటరు లెక్కన మాట్లాడుకుని, పాసున్నవాళ్లను పెద్దరోడ్డు దాకా చేర్చే ఏర్పాటు చేస్తే ఆటోకు పని దొరుకుతుంది, తండాకు బండి దొరుకుతుంది.

ఇవి జరిగేలోగా చదివేవారు చేయగల పని ఒకటుంది. గ్రామసభలో రోడ్డు, నీళ్లతో పాటు బస్సు వేళలు కూడా అడగండి. తీర్మానం రాయించి దాని నకలు డిపో మేనేజరుకు పంపండి. అమ్మలూ, అక్కలూ, బస్సెక్కినప్పుడు కండక్టరు రద్దీలో మిమ్మల్ని చూడకపోయినా పిలిచి జీరో టికెట్ అడిగి తీసుకోండి. ఇవాళ్టి పద్ధతిలో ఆ కాగితం ముక్క లేకపోతే మీరు ఆ బస్సెక్కినట్టు లెక్కలో ఉండరు. ఆ సర్వీసుకు ఆ సొమ్ము రాదు, రేపు ఆపేసే బస్సుల జాబితాలో మొదట చేరేది మీ ఊరి బస్సే.